లారీ–కారు ప్రమాదంలో మరణం: ఇన్సూరెన్స్ కంపెనీ చెప్పిన మొత్తానికి లోక్ అదాలత్‌లో రాజీపడాలా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. ఎక్కడైనా పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీ అన్నయ్యగారి వయసు 38. ప్రైవేటు సంస్థలో ఉద్యోగం, వృత్తి పన్ను పోగా నెలకు 40,000 రూపాయల జీతం. స్నేహితుడు నడుపుతున్న కారులో ముందు సీటులో కూర్చుని వస్తుండగా, రాత్రివేళ జాతీయ రహదారి మీద లైట్లు లేకుండా ఆపి ఉంచిన లారీని ఆ కారు వెనుక నుంచి ఢీకొట్టింది. అన్నయ్యగారు చనిపోయారు, స్నేహితుడు గాయాలతో బయటపడ్డారు. పోలీసులు లారీ డ్రైవరు మీద చార్జిషీటు వేశారు. మీ వదినగారు, 9 ఏళ్లు, 5 ఏళ్ల వయసున్న ఇద్దరు పిల్లలు, మీ అమ్మగారు కలిసి మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసి 14 నెలలైంది. ఇప్పుడు లారీ ఇన్సూరెన్స్ కంపెనీ వడ్డీతో సహా 42 లక్షలకు రాజీ చేసుకుందామంటోంది, మీ న్యాయవాది ఒప్పుకోమంటున్నారు. స్నేహితుడిని కేసులోకి లాగడం మాత్రం కుటుంబంలో ఎవరికీ ఇష్టం లేదు.

నేరుగా చెప్పాలంటే, 42 లక్షలకు సంతకం చేయవద్దు. అలాగని రాజీ తలుపు మూసేయనూ వద్దు. మీరు చెప్పిన వివరాలన్నీ కాగితాల మీద రుజువయ్యేవే అయితే ఈ కేసు విలువ దాదాపు 85 లక్షలు. కంపెనీ మీకు చూపిస్తున్నది సరిగ్గా అందులో సగం. ఆ సగం తగ్గించడానికి వారు చెబుతున్న కారణం మీ అన్నయ్యగారి విషయంలో చట్టప్రకారం నిలబడదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఎక్కువగా మోటారు ప్రమాద కేసులే చూస్తున్నాను. అందులో మొదటి కొన్నేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున హాజరయ్యాను కాబట్టి అటువైపు బల్ల మీద లెక్క ఎలా వేస్తారో తెలుసు. అధికారి చేతిలోని ఫైలు లోపలి అట్ట మీద పెన్సిలుతో రెండు అంకెలు రాసి ఉంటాయి. ఒకటి కేసు ఓడిపోతే కట్టాల్సిన మొత్తం, రెండోది ఇవాళ ఎంతవరకు ఇవ్వవచ్చో పైనుంచి వచ్చిన అనుమతి. మీకు మొదట చెప్పేది ఈ రెండింటిలో ఏదీ కాదు, దానికంటే తక్కువ. అందుచేత బేరానికి కూర్చునే ముందు ఆ మొదటి అంకె మీకు కూడా తెలిసి ఉండాలి. అది రహస్యమేమీ కాదు, సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉన్న సూత్రంతో ఎవరైనా లెక్కగట్టవచ్చు.

మీ కేసు లెక్క ఇది. నెలకు 40,000 చొప్పున ఏడాదికి 4,80,000 రూపాయలు. 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని కూడా దీనికి కలపాలి. నలభై ఏళ్ల లోపు వారికి ఉద్యోగం పర్మనెంటు అయితే 50 శాతం, నిర్ణీత జీతం లేదా స్వయం ఉపాధి అయితే 40 శాతం. తక్కువదే తీసుకుందాం. అప్పుడు ఏడాదికి 6,72,000 అవుతుంది. ఆయన మీద ఆధారపడినవారు నలుగురు కాబట్టి, 2009లో వచ్చిన సరళా వర్మ తీర్పు ప్రకారం సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేయాలి. మిగిలేది 5,04,000. అదే తీర్పులోని పట్టిక ప్రకారం 36 నుంచి 40 ఏళ్ల వయసుకు గుణకం 15. హెచ్చిస్తే 75,60,000 రూపాయలు వస్తుంది.

దీనికి మరికొన్ని పద్దులు కలుస్తాయి. ప్రణయ్ సేఠీ తీర్పు సాహచర్య నష్టానికి, అంటే అయినవారి తోడు కోల్పోయినందుకు, 40,000, ఎస్టేట్ నష్టానికి, అంటే మృతుడి ఆస్తికి కలిగిన నష్టానికి, 15,000, అంత్యక్రియలకు 15,000 నిర్ణయించి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచాలని చెప్పింది. 2020, 2023 పెంపులు కలుపుకుంటే అవి 48,400, 18,150, 18,150 అవుతాయి. సాహచర్య నష్టం భార్యకు మాత్రమే కాదు, తండ్రిని కోల్పోయిన పిల్లలకు, కొడుకును కోల్పోయిన తల్లికి కూడా విడివిడిగా ఇవ్వాలని 2018లో నానూ రామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నలుగురికీ కలిపి 1,93,600. అన్నీ కూడితే మొత్తం 77,89,900 రూపాయలు.

ఇక వడ్డీ. ట్రిబ్యునళ్లు సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచి 6 నుంచి 9 శాతం మధ్య ఇస్తాయి. 7.5 శాతం వేసుకుంటే ఈ మొత్తం మీద ఏడాదికి 5,84,000 పైచిలుకు, 14 నెలలకు దాదాపు 6,82,000. అంటే ఈ రోజుకు కేసు విలువ 84,70,000 పైమాట. సగం చేయండి. 42 లక్షల 35 వేలు వస్తుంది. కంపెనీ మీకు చెప్పిన అంకె గాలిలోంచి రాలేదు. జీతం, గుణకం, వడ్డీ, అన్నీ ఒప్పుకొని చివర్లో ఒక్క గీత గీసి సగానికి కోశారు. ‘లారీ ఆగి ఉంది, కారే వచ్చి గుద్దింది, కాబట్టి కారు డ్రైవరు తప్పు కనీసం సగం’ అనేదే ఆ గీత.

ఆ వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. మీ న్యాయవాది ఒప్పుకోమనడానికి కూడా బహుశా అదే కారణం కావచ్చు. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది, మీ కేసు మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

చనిపోయిన వ్యక్తి వాహనం నడుపుతున్నారా, కేవలం ప్రయాణికుడా? నడిపిన వ్యక్తే చనిపోతే, ప్రమాదంలో ఆయన తప్పు ఎంత శాతమని తేలుతుందో అంత శాతం పరిహారంలో తగ్గిస్తారు. ప్రయాణికుడి విషయం వేరు. ఇద్దరు డ్రైవర్ల తప్పు కలిసి ఒక ప్రయాణికుడి ప్రాణం పోయినప్పుడు, ఆయన వారసులు మొత్తం పరిహారాన్ని ఆ ఇద్దరిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చు. 2015లో ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. వారిద్దరి మధ్య ఎవరి వాటా ఎంత అనేది వారు తర్వాత తేల్చుకోవలసిన లెక్క. మీ అన్నయ్యగారు స్టీరింగు పట్టుకోలేదు, ఆయన తప్పు సున్నా. కారు డ్రైవరు తప్పు సగం అని తేలినా సరే, లారీ ఇన్సూరెన్స్ కంపెనీ ముందు మీకు మొత్తం కట్టి, ఆ సగాన్ని కారు తరఫువారి దగ్గర వసూలు చేసుకోవాలి.

దీన్ని అటువైపు అధికారులు ఎరుగరని అనుకోకండి. నాతో పాటు అదే బల్ల దగ్గర కూర్చున్న ఒక సీనియరు అధికారి, ‘ప్రయాణికుడి కేసులో సగం అడిగి చూడండి, వాళ్లకు తెలిస్తే ఇస్తాం, తెలియకపోతే మిగులుతుంది’ అని నవ్వుతూ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు. అందులో దుర్మార్గం ఏమీ లేదు, ఆయన తన పని చేశారు. మనం మన పని చేయాలి.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. పై సూత్రం పని చేయాలంటే లారీ డ్రైవరు తప్పు కొంతైనా ఉన్నట్టు రుజువు కావాలి. తప్పు పూర్తిగా కారు డ్రైవరుదే అని ట్రిబ్యునల్ అనుకుంటే, లారీ కంపెనీ మీద మీ పిటిషన్ కొట్టేస్తారు. మీ పక్షాన చార్జిషీటు ఉంది. రహదారి మీద లైట్లు, హెచ్చరిక గుర్తులు లేకుండా ఆపిన వాహనం విషయంలో 2018లో వచ్చిన అర్చిత్ సైనీ తీర్పు కూడా ఉంది. అందులోనూ కారులాంటి వాహనమే, చీకట్లో రోడ్డు మీద నిలిపిన గ్యాస్ ట్యాంకరును గుద్దింది. హైకోర్టు సగం తప్పు ఢీకొట్టిన వాహనానిదేనంటే, సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చి ట్యాంకరుదే పూర్తి తప్పన్న ట్రిబ్యునల్ తీర్పును నిలబెట్టింది. వాహనాన్ని ప్రమాదకరమైన స్థితిలో వదలకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 122 కూడా చెబుతోంది. కానీ ప్రతి కేసూ దాని సాక్ష్యం మీదే నడుస్తుంది. లారీ రోడ్డు పక్కన తెల్లగీత అవతల పూర్తిగా దిగి ఉందా, సగం చక్రాలు రోడ్డు మీద ఉన్నాయా అనేది పోలీసులు గీసిన ప్రమాద స్థలం రఫ్ స్కెచ్‌లో చూడాలి. వెనుక లైట్లు, రిఫ్లెక్టివ్ టేపు ఉన్నాయా అనేది పంచనామాలోనూ ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టులోనూ చూడాలి.

ఈ ప్రమాదం ఉంది కాబట్టే, కారు యజమానిని, కారు ఇన్సూరెన్స్ కంపెనీని కూడా ప్రతివాదులుగా చేర్చమని నేను గట్టిగా చెబుతాను. స్నేహితుడిని లాగడం ఇష్టం లేదన్నారు. ఈ మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. ఒక కేసులో కారు నడిపినది మృతుడి బావమరిదే. దశదిన కర్మ రోజున ఆయన మూలన కూర్చుని ఎవరి ముఖమూ చూడలేకపోతున్నాడు, ఆయన పేరు నోటీసులో రాయడమంటే అది ఇంకో దెబ్బ అని మృతుడి భార్య ఏడ్చింది. నేను ఆయనను పిలిపించి పాలసీ కాగితం చేతిలో పెట్టి చూపించాను. అది ప్యాకేజీ పాలసీ, కారులోని ప్రయాణికుల బాధ్యత కూడా అందులో ఉంటుంది. కాబట్టి ఇచ్చేది ఆయన కాదు, ఆయన ఏటా ప్రీమియం కట్టిన కంపెనీ. ఆ సాయంత్రం ఆయనే స్వయంగా పాలసీ నకలు, డ్రైవింగు లైసెన్సు నకలు తెచ్చి ఇచ్చాడు, తర్వాత సాక్ష్యం కూడా చెప్పాడు. మీ అన్నయ్యగారి స్నేహితుడితో కూడా ఇలాగే నేరుగా మాట్లాడి చూడండి. ఒక్క సంగతి మాత్రం ముందే సరిచూసుకోవాలి. ఆయన కారుకు ఉన్నది ప్యాకేజీ పాలసీ కాకుండా కేవలం థర్డ్ పార్టీ పాలసీ అయితే, కారులో ఉచితంగా ప్రయాణించేవారు దాని పరిధిలోకి రారని కంపెనీ వాదిస్తుంది, కోర్టులు ఆ వాదనను ఆమోదించిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు భారం నిజంగానే ఆయన మీద పడవచ్చు. ఆ పరిస్థితిలో చేర్చాలా వద్దా అనేది కుటుంబం ఆలోచించుకొని నిర్ణయించాల్సిన విషయం. లారీ పాలసీతో ఆ సమస్య లేదు, ఎందుకంటే దాని దృష్టిలో మీ అన్నయ్యగారు పూర్తిగా మూడో పక్షమే.

మరి ఎంతకు ఒప్పుకోవచ్చు? ఇది చట్టం చెప్పే అంకె కాదు, నా అంచనా. రుజువులు గట్టిగా ఉన్న కేసులో, పూర్తి లెక్కలో 15 నుంచి 20 శాతం వరకు వదులుకొని రాజీ పడటం తెలివితక్కువ పని కాదని నేను అనుకుంటాను. మీ లెక్కలో అది 68 నుంచి 72 లక్షల మధ్య పడుతుంది. నేను మీ పక్షాన కూర్చుంటే 65 లక్షలకు దిగువన సంతకం పెట్టనివ్వను. ఆ 15, 20 శాతం ఎందుకు వదులుకోవాలి అంటే, తీర్పు వచ్చాక కూడా కంపెనీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 173 కింద హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ స్టే తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ లోపు పిల్లల చదువులు ఆగవు. లోక్ అదాలత్ అవార్డుకు అప్పీలు లేదు కాబట్టి డబ్బు చేతికి వస్తుంది, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది.

‘ఇప్పుడు కాదంటే పదేళ్లు తిరగాలి’ అని భయపెట్టేవారు ఉంటారు. ఆలస్యం నిజమే, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుందన్న సంగతి వారు చెప్పరు. మీ కేసులో వాయిదా పడే ప్రతి నెలకూ దాదాపు 48,000 రూపాయలు కంపెనీ మీద పడుతున్నాయి. రాజీకి తొందర మీకు ఎంత ఉందో వారికీ అంతే ఉంది.

మొండిగా నిలబడటమే ఎప్పుడూ సరైనదని చెప్పడం లేదు. నా చేతిలోనే చేదు అనుభవం ఒకటి ఉంది. అందులో చనిపోయినది కారు నడిపిన వ్యక్తే. ఎదురుగా వస్తున్న లారీ, మధ్యగీత దాటినది ఎవరో తేలలేదు, చార్జిషీటు మృతుడి మీదే వేసి కేసు ముగించారు. కంపెనీ లోక్ అదాలత్‌లో 12 లక్షలు ఇస్తానంది. మృతుడి తండ్రి, ‘నా కొడుకు తప్పు చేయలేదు’ అని పట్టుబట్టారు. ఆ మాటను నేను గౌరవించాను కానీ, ఆయనకు రుజువుల సంగతి ఇంకా కటువుగా చెప్పి ఉండవలసింది. ఐదేళ్ల తర్వాత ట్రిబ్యునల్ తప్పు ఎక్కువ భాగం మృతుడిదేనని తేల్చి, వడ్డీతో కలిపినా ఆ 12 లక్షలకు చేరని మొత్తం ఇచ్చింది. క్రిమినల్ కేసులో ఏమి తేలినా ట్రిబ్యునల్ దానికి కట్టుబడి ఉండనవసరం లేదు, ఇక్కడ సంభావ్యత ఎటు మొగ్గితే అటే. కానీ ఆచరణలో చార్జిషీటు ఎవరి మీద ఉందన్నది బేరం బల్ల మీద చాలా బరువు తూగుతుంది.

రాజీ మొత్తం కుదిరిందనుకుందాం. అప్పుడు అసలు జాగ్రత్త మొదలవుతుంది, ఎందుకంటే లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 21 చెప్పేది ఇదే. సవాలు చేయాలంటే హైకోర్టులో రిట్ వేయడం ఒక్కటే దారి, అదీ చాలా ఇరుకైన కారణాల మీదే. ఇంకో మాట, లోక్ అదాలత్ సభ్యులు తీర్పు చెప్పేవారు కారు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే అది నమోదు చేస్తుంది. 2008లో జలౌర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే, అది కూడా మోటారు ప్రమాద కేసే. కాబట్టి బల్ల అవతల ఎవరు ఏ స్వరంతో మాట్లాడినా, ‘ఈ రోజు ఒప్పుకోవడం లేదు’ అని చెప్పే హక్కు మీ వదినగారికి ఉంది. అలా చెప్పినందుకు కేసుకు ఏ నష్టమూ రాదు, అది మామూలుగా ట్రిబ్యునల్‌కు తిరిగి వెళుతుంది.

రాజీ మెమోలో నేను ఒక్కొక్క వాక్యం వేలు పెట్టి చదివేవి కొన్ని ఉన్నాయి. మొదటిది, మొత్తం వడ్డీతో సహానా, వడ్డీ కాకనా అన్నది. రెండోది గడువు. ఎన్ని రోజుల్లో జమ చేస్తారు, చేయకపోతే ఆ రోజు నుంచి ఎంత వడ్డీ అనేది రాయించాలి. ఒక మెమోలో గడువు రాయనందువల్ల కంపెనీ ఎనిమిది నెలలు జాప్యం చేసింది, అడిగితే ‘వడ్డీ ఎక్కడ రాశారు’ అన్నారు. మూడోది మీ కేసుకు ముఖ్యం. ఒకవేళ లారీ కంపెనీ తన వాటా అంటూ కొంత మొత్తానికే రాజీ పడితే, ఆ రాజీ ఆ కంపెనీ వరకేననీ, కారు ఇన్సూరెన్స్ కంపెనీ మీద క్లెయిమ్ కొనసాగుతుందనీ స్పష్టంగా ఉండాలి. ‘సమస్త క్లెయిములు పూర్తిగా పరిష్కారమైనవి’ అని అచ్చు వేసిన ఫారంలో సంతకం పెడితే, ఆ తర్వాత రెండో కంపెనీ ఆ కాగితాన్నే మీ ముందు పెడుతుంది.

పిల్లల వాటా విషయంలో తల్లి సంతకం ఒక్కటే చాలదు. మైనర్ల తరఫున రాజీ పడాలంటే అది వారి మేలు కోసమేనని కోర్టు అనుమతి తీసుకోవాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 32, రూల్ 7 దీనికే ఉంది. ఈ అనుమతి పిటిషన్ వేయకుండా హడావుడిగా ముగించిన రాజీలు తర్వాత తలనొప్పి తెచ్చిపెడతాయి. వారి వాటాను మేజర్లయ్యేదాకా జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్టుగా ఉంచుతారు, దాని మీద వడ్డీ తల్లి తీసుకునే ఏర్పాటు అడగవచ్చు. నలుగురి మధ్య ఎవరికి ఎంత అనేది కూడా మెమోలోనే రాయించండి. ఇప్పుడు మీ ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉన్నారు, అది సంతోషం. కానీ డబ్బు వచ్చిన ఏడాదికి అత్తాకోడళ్ల మధ్య వచ్చే తగవులను నేను ఎన్నిసార్లో చూశాను, వాటన్నిటికీ మూలం ఆ రోజు రాయకుండా వదిలేసిన శాతాలే. చొరవ తీసుకొని తిరుగుతున్నది మీరే అయినా, అన్నగారి క్లెయిములో మీరు పక్షం కారు. కాబట్టి సంతకం, బ్యాంకు ఖాతా, నిర్ణయం మీ వదినగారివి, అమ్మగారివి. డబ్బు నేరుగా వారి ఖాతాల్లోనే పడేట్టు ఖాతా వివరాలు ముందే దాఖలు చేయించండి.

న్యాయవాది ఫీజు సంగతి మీరు అడగలేదు, కానీ తెలుసుకుని ఉండటం మంచిది. వచ్చిన మొత్తంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అయినా అది ఎంత మామూలైపోయిందో నా తోటివారికీ తెలుసు, నాకూ తెలుసు. త్వరగా ముగిసే రాజీ న్యాయవాదికి కూడా సౌకర్యమే. మీ న్యాయవాదిని అనుమానించమని చెప్పడం లేదు. పై లెక్కను ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లి, ‘ప్రయాణికుడి కేసులో ఈ సగం ఎందుకు తగ్గించారండీ’ అని మర్యాదగా అడగండి. ఆయన దగ్గర నాకు తెలియని కారణం, ఉదాహరణకు పంచనామాలో లారీ రోడ్డు దిగి ఉన్నట్టు రాసిన వాక్యం ఏదైనా ఉండవచ్చు. అదే ఉంటే నా అంకెలు మారతాయి.

కంపెనీ నుంచి రాగల మరి రెండు కోతలకు కూడా సిద్ధంగా ఉండండి. సంస్థ గ్రూప్ ఇన్సూరెన్స్, పీఎఫ్, ఎల్ఐసీ డబ్బు ఇప్పటికే వచ్చింది కదా, అది తగ్గించాలి అంటారు. అవి ఆయన కష్టార్జితానికి, ఆయన కట్టిన ప్రీమియానికి వచ్చినవి, పరిహారంలోంచి తగ్గించకూడదని 1998లోనే హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగే జీతంలో బేసిక్ మాత్రమే లెక్కలోకి తీసుకుంటామంటారు. పన్నులు పోగా కుటుంబానికి ఉపయోగపడే అలవెన్సులన్నీ ఆదాయమే. కానీ జీతం స్లిప్పులు ఒక్కటే కాకుండా, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు, వీలైతే సంస్థ నుంచి ఒక అధికారి సాక్ష్యం సిద్ధంగా ఉంచుకోండి. రుజువు కాని జీతం ఎంత పెద్దదైనా బల్ల మీద దానికి విలువ లేదు.

ఇది చదువుతున్న ఇతరులలో ఇంకా పిటిషనే వేయనివారు ఉంటే ఒక హెచ్చరిక. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు పిటిషన్ వేయాలని సెక్షన్ 166(3) చెబుతోంది. దీని మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నా, మీరు మాత్రం ఆరు నెలల లోపే వేయండి. మీరు నివసించే ఊరి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు, ప్రమాదం ఏ రాష్ట్రంలో జరిగినా అంతే. సవరించిన సెక్షన్ 149 ప్రకారం కంపెనీ అధికారి తనంతట తానుగా 30 రోజుల్లో ఒక మొత్తం చెప్పవచ్చు, ఒప్పుకుంటే ట్రిబ్యునల్ నమోదు చేశాక మరో 30 రోజుల్లో చెల్లించాలి. అందులో సెక్షన్ 164 కింద, తప్పు ఎవరిదో రుజువు చేయనక్కరలేకుండా వచ్చే 5 లక్షలు ఉంటాయి. అవి తొందరగా వస్తాయని ఆ దారిలో తీసేసుకుంటే, సెక్షన్ 166 కింద వేసిన పెద్ద క్లెయిమ్ రద్దయిపోతుంది. నెలకు 40,000 తెచ్చే మనిషిని కోల్పోయిన కుటుంబానికి ఆ మార్పిడి ఎంత నష్టమో పై లెక్క చూస్తే తెలుస్తుంది.

లారీ యజమాని తరఫు పెద్దమనుషులు ఎవరైనా ఇంటికి వచ్చి, స్టాంపు కాగితం మీద ఎంతో కొంత ఇచ్చి ‘కేసు వెనక్కి తీసుకోండి’ అంటే ఒప్పుకోకండి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరం, పాత చట్టంలో 304ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 106, కుటుంబం రాజీ పడితే పోయే నేరం కాదు. ఆ కాగితం వల్ల క్రిమినల్ కేసు ఆగదు కానీ, మీ వాళ్లు మాట మార్చారని చూపించడానికి కంపెనీకి మాత్రం పనికి వస్తుంది.

తదుపరి లోక్ అదాలత్‌కు ముందు మీరు చేయవలసింది ఒకటే. చార్జిషీటుతో పాటు దాఖలైన పంచనామా, రఫ్ స్కెచ్, ఎంవీఐ రిపోర్టు సర్టిఫైడ్ నకళ్లు తీయించండి. లారీ వెనుక లైట్ల గురించి, చక్రాలు తెల్లగీతకు ఏ వైపున ఉన్నాయన్న దాని గురించి వాటిలో ఏమి రాశారో, మాట మార్చకుండా ఇక్కడ రాయండి. అది చూసిన తర్వాత 65 లక్షల దగ్గర నిలబడమనాలో, ఇంకా పైకి అడగమనాలో, కొంచెం తగ్గమనాలో చెబుతాను.